ఇరవై ప్రశ్నలు, ఒక బకెట్: కోడుమూరు దగ్గర బడి చూడబోయిన శనివారం

మా పాప మీనుకు ఆరేళ్లు. కర్నూలులో అది చదివే పెద్ద బడి నుంచి టిఫిన్ బాక్సు రోజూ నిండుగానే తిరిగొస్తుంది. యూనిఫాం వేయగానే కడుపునొప్పి అంటుంది. ఆదివారం మాత్రం ఆ నొప్పి రాదు. ఇంతలో నాకు కోడుమూరు కాలేజీకి బదిలీ అయింది. ఇల్లు మారేలోపు దాని బడి సంగతి తేల్చాలి. కోడుమూరులోనే ప్రైవేటు బడులు ఉన్నాయి కానీ, నాలుగు కిలోమీటర్ల అవతల చేనేత పల్లెలో చిన్న సర్కారు బడి ఉందని, ఒకసారి చూసి రమ్మని తోటి లెక్చరర్ ఒకామె చెప్పింది. చూడటమంటే ఏం చూడాలి? మరుగుదొడ్లు, లైబ్రరీ, చదివే వేగం... ఇలా ఇరవై ప్రశ్నలు కాగితం మీద రాసుకున్నాను. రాశాక, ఇవి సరైన ప్రశ్నలేనా అని ఇరవై ఒకటో అనుమానం కూడా వచ్చింది.

మీను బడికి సెలవున్న ఒక శనివారం, నేనూ సెలవు పెట్టి, ఉదయం ఎనిమిదింటికి కర్నూలు బస్టాండులో పల్లెవెలుగు ఎక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్టే. దారి పొడవునా రోడ్డు పక్కన ఉల్లిగడ్డల రాశులు, వాటి వాసన. సుమారు గంటలో కోడుమూరు. అక్కడి నుంచి ఆటో, ఇద్దరికీ కలిపి నలభై రూపాయలు.

"యాడికి మేడమ్?" అన్నాడు ఆటో అతను. బడి చూడటానికి అన్నాను.

"బడేమన్నా పెండ్లికూతురా, చూసుకునేకి పోతాండారు?" అని నవ్వి, "అందురూ ఆ పల్లె నుంచి ఈడికి పిల్లోళ్లను నా ఆటోలోనే పంపిస్తాండారు. మీరు ఎదురు పోతాండారే!" అన్నాడు.

ఆ మాటతో సగం ధైర్యం పోయింది. అంతమంది తల్లిదండ్రులు తప్పు, నేనొక్కదాన్నే ఒప్పా?

తొమ్మిదిన్నరకు బడి చేరాం. రెండు గదులు, ఒక వేపచెట్టు. వీధి అవతల మగ్గాల చప్పుడు. నా చేతిలో ప్రశ్నల ఫైలు చూసి హెడ్మాస్టరు రామాంజనేయులు సారు గబగబా చెప్పులేసుకుని ఎదురొచ్చారు. నేను నోరు తెరిచేలోపే కుర్చీ, రిజిస్టర్లు, మంచినీళ్లు వచ్చేశాయి. రెండో తరగతి పిల్ల ఒకతి లేచి పుస్తకం తెరిచి ఒక పేజీ గడగడా చదివేసింది. ముచ్చటేసి, "పక్క పేజీ కూడా చదువు తల్లీ" అన్నాను.

ఆ పిల్ల నన్ను జాలిగా చూసింది. "అది నా పేజీ కాదు మేడమ్. మధుది."

మధు అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు.

సారు ముఖం చూడాలి! "నేను ఆఫీసు నుంచి రాలేదు సార్. మా పాపను చేర్పించాలా వద్దా అని చూడటానికి వచ్చాను" అని చెప్పేశాను. ఆయన కుర్చీలో కూలబడి నవ్వేశారు. "ముందే చెప్పకూడదా మేడమ్! వచ్చినోళ్లు పది నిమిషాలు కూడా ఉండరు. ఒగ పిల్లోడు తడబడినా బడంతా ఇంతేనని రాసుకోని పోతారు. అందుకని పేజీలు పంచి పెట్నాం."

నిజం చెప్పినందుకు మెచ్చుకోవాలో, ఆ పని చేసినందుకు బాధపడాలో తెలియక, చదివే వేగం గురించిన ఏడో ప్రశ్న ఎదుట సున్నా పెట్టాను.

"ఇబ్బుడు మా మామూలు బడి చూడండి" అన్నారాయన. అదే పిల్ల మధు పేజీ అందుకుంది. మూడో వరుసలో ఒక మాట దగ్గర ఆగిపోయింది. సారు అందించలేదు. క్లాసంతా ఎదురుచూసింది. ఒక్కరూ నవ్వలేదు. ఆ పిల్ల వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుని బయటపడింది. దీనికి నా కాగితంలో ప్రశ్న లేదు.

పన్నెండింటికి భోజనాలు: ఆకుకూర అన్నం, పప్పుచారు, బెల్లం పొంగలి. వంట చేసే మాబున్నీ మీనుకు కూడా ఒక తట్టలో అన్నం వడ్డించి వరసలో కూర్చోబెట్టింది. "తినదు అక్కా, బడిలో అసలు తినదు" అన్నాను.

"కూకోనీమ్మా, నీ సొమ్మేం పోయింది" అని, తట్టలు కడిగే చోట ఉన్న నీలం బకెట్ చూపించింది. "ఆఫీసోళ్లు కాయితాలు చూస్తారు. నేను ఇది చూస్తా. సారు గట్టిగా అరిసిన దినం దీంట్లో శానా అన్నం పడతాది. బయపడిన పిల్లోళ్లకు ముద్ద దిగదమ్మా."

నిండు బాక్సు చూసి, రోజూ సాయంత్రం మీనునే కదా తిట్టాను!

"ఈ పొద్దు ఎలా ఉంటుందో?" అన్నాను.

"నువ్వొచ్చి అందుర్నీ బెదరగొడితివి కదా, చూడాల" అంది.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చి తట్టలు విదిలించారు. బకెట్ అడుగున కరివేపాకు, మిరపకాయలు, చారెడు మెతుకులు. చివరగా మీను వచ్చింది. తట్టలో పప్పుచారు అలాగే ఉంది. పొంగలి మాత్రం లేదు. గడ్డానికి అంటుకుని ఉంది.

"సగం మార్కులు" అంది మాబున్నీ.

మూడున్నరకు బడి వదిలాక కోడుమూరు చేరి, నాలుగున్నర బస్సు పట్టుకున్నాం. నా అనుమానాలు పోలేదు. మూడు తరగతులకు ఒకే గది. రేపు సారుకు బదిలీ అయితే? పొంగలి ఏ పిల్లయినా తింటుంది కదా? ఒక బకెట్ చూసి బడి తేల్చడం, పది నిమిషాలు చూసి రాసుకుపోవడం కంటే ఏం గొప్ప? బస్సులో ఇవన్నీ తిప్పుకుంటుంటే మీను నా మోచేయి లాగింది. "అమ్మా, రేపు కూడా పోదామా?" రేపు ఆదివారం అన్నాను. దాని ముఖం వాడిపోయింది. ఆదివారం అంటే దిగులుపడటం నేను చూడటం అదే మొదటిసారి. సోమవారం పాత బడిలో టీసీకి అర్జీ పెడుతున్నాను.

మీరూ బడి చూడబోతుంటే ఒక్క మాట: ఫైలు ఇంట్లో పెట్టి, పిల్లను వెంటబెట్టుకుని, అన్నం వేళకు వెళ్లండి. తట్టలు కడిగే చోట నిలబడండి.