పన్నెండో జత చేతులు

ఒట్లు పెట్టడం నాకు ఇష్టముండదు. దీనికి మాత్రం పెడతాను. ఇది కల కాదు, ఎవరో చెప్పగా విన్నదీ కాదు. పోయిన ఏడు పత్తికొండలో... నాకే జరిగింది.

మేం ముగ్గురం కర్నూలు నుంచి వెళ్లాం. రజియా కెమెరా పట్టుకుని కూలీలతో మాట్లాడుతుంది. మహేశ్ వీడియో ముక్కల్ని అతుకుతాడు. నేను నోటుబుక్కు రాస్తాను, అంతే. కొత్తవాళ్ల ముందు నాకు గొంతు పెగలదు.

టమోటాలు ఏరే ఆడవాళ్ల చేతులు మాత్రమే తీసి, రాత్రి మార్కెట్ గోడ మీద పెద్దగా వేసి వాళ్లకే చూపించాలి. అదీ మా ప్రయోగం. మొహాలు ఉండవు. ఒక నియమం పెట్టుకున్నాం. తీసింది ఎవరూ ముందుగా చూడకూడదు. మహేశ్ కూడా చూడకుండానే వరసగా అతికేయాలి. అందరం మొదటిసారి గోడ మీదే చూడాలి. అప్పుడది గొప్ప ఆలోచన అనిపించింది.

రెండు రోజులు తీశాం. పదకొండు మంది. పదకొండు పేర్లు నా చేత్తోనే రాసుకున్నాను. మొదటి పేరు ఈరమ్మ. ఆమె కూతురు సుంకులమ్మ రెండేళ్ల కింద మిరపకాయల కోతకు గుంటూరు వైపు పోయి తిరిగి రాలేదట. తీసినంతసేపూ ఈరమ్మ చెప్పింది ఆ సంగతే.

రాత్రి ఎనిమిదింటికి గోడ వెలిగింది. ఖాళీ క్రేట్ల మీద జనం. ఒక్కో చెయ్యి మనిషంత.

"మా వదినది! గాజులు చూడండే!"

"నీ చెయ్యేందే అంత నల్లగుండాది?"

"నీ మొగం ఏసింటే తెలుస్తాండె, ఎవురు నలుపో!"

ఒకటే నవ్వులు. నేను పేర్ల పక్కన టిక్కులు పెట్టుకుంటున్నాను. పదకొండో టిక్కు పెట్టి పెన్ను మూశాను.

వీడియో ఆగలేదు.

ఇంకో జత చేతులు... సన్నటివి. గాజుల్లేవు. ఎడమ బొటనవేలి కింద కొడవలితో తెగిన మచ్చ. కాయ తీసింది... తుడిచింది... క్రేట్లో పెట్టింది. ఇంకోటి... ఇంకోటి...

"ఎవుర్దే అది? తొడిమ గిల్లకుండా ఏస్తాండాది! పక్క కాయకు గుచ్చుకోదా?" ఎవరో నవ్వారు.

ఆ నవ్వు సగంలోనే తెగిపోయింది. ఎందుకంటే ఈరమ్మ లేచి నిలబడింది.

అప్పుడు స్పీకర్లోంచి ఒక గొంతు. మెల్లగా... తడబడుతూ...

"నీ పేరేమక్కా?"

అది నా గొంతు.

రెండు రోజులూ ఏ ఒక్కరినీ నేను పేరు అడగలేదు. అడిగిందంతా రజియానే. కానీ అది నా గొంతే. గోడ మీద చేతులు ఆగాయి. స్పీకర్లో ఒక ఆడగొంతు చిన్నగా నవ్వింది. "నా పేరా..." అంతలో లారీ చప్పుడు. గోడ తెల్లగా అయిపోయింది.

ఈరమ్మ నా దగ్గరికొచ్చి మణికట్టు పట్టుకుంది. ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి.

"యాడ చూసినావమ్మా నా బిడ్డను?"

"నేను... చూడలేదమ్మా."

"తొడిమ గిల్లమని ఎన్ని తూర్లు తిట్టింటినో దాన్ని. ఆ మచ్చకు కట్టు కట్టింది నేను. గొంతు నీదే గదా తల్లీ, ఎందుకు దాస్తావు? ఊరు చెప్పొద్దులే. బాగుండాదా? అదొకటి చెప్పు, సాలు."

నా నోట్లోంచి మాట వచ్చేసింది.

"బాగుంది."

జాలిపడి అన్నానని రజియా అంటుంది. కాదు. ఆ ఒక్క క్షణం... నాకు తెలుసు అనిపించింది. ఎలా తెలుసో మాత్రం తెలియదు.

లాడ్జికి వచ్చాక రజియా ఏడ్చింది. "అల్లా మీద ఒట్టు, అది నేను తీయలేదు." మహేశ్ కెమెరా కార్డు తీసి చూపించాడు. "నాకేం తెలుసు? కార్డులో పన్నెండు ముక్కలుండాయి, పన్నెండూ అతికినా."

ఆ ముక్క ఇప్పటికీ అలాగే ఉంది. ఎన్నిసార్లు చూశానో. ఎర్రమట్టి, క్రేటు, చేతులు, నా గొంతు. తీసిన తేదీ మేం అక్కడున్న రెండో రోజుది. ఆ రోజు నా డైరీలో ఒకటే వాక్యం. 'ఇవాళ కూడా ఎవరితోనూ మాట్లాడలేకపోయాను.'

ఈరమ్మ తెల్లారకముందే గుంటూరు వైపు బస్సెక్కిందట. "ఆ పాప చెప్పినాది, నా బిడ్డ బాగుండాదంట" అని వీధంతా చెప్పి మరీ పోయింది. వారానికోసారి ఆమె ఇంటి పక్కనున్న అంగడికి ఫోన్ చేస్తాను. "రాలేదమ్మా" అంటారు.

నేను చెప్పింది అబద్ధమైతే, ఏదో ఒక రోజు ఆమె కాళ్లు పట్టుకుని ఒప్పుకుంటాను. నిజమే అయితే... ఆ అమ్మాయిని నేను ఎక్కడ చూశాను?