గోడను తాకే పద్ధతి

మా వీధి కాలువలో బ్లీచింగ్ పౌడర్ చల్లినప్పుడల్లా ఆ వాసనకు నాకు గుంటూరులోని ఈతకొలను గుర్తొస్తుంది. నేను ఈత నేర్చుకుంది పొలం పక్క కాలువలో. మొదటిసారి పోటీకి దిగింది ఆ కొలనులో, బ్రెస్ట్‌స్ట్రోక్ అనే కప్ప ఈతకు. కల్లంలో మిరపకాయలు వదిలేసి నాన్న కూడా చూడటానికి వచ్చాడు.

పోటీకి నా పక్క వరుసలో నిలబడ్డ టౌను కుర్రాడు నావైపు వంగాడు. "ఒరేయ్, అవతలి గోడని రెండు చేతులతో ఒకేసారి తాకాలి. ఒంటిచేత్తో తాకావంటే పోటీలోంచి తీసేస్తారు."

నేను నమ్మలేదు. కాలువ గట్టును మేమెప్పుడూ ఒంటిచేత్తోనే అందుకునేవాళ్లం. నన్ను ఆలస్యం చేయడానికే చెబుతున్నాడనుకున్నాను.

ఈల మోగింది. చాలా దూరం నేనే ముందున్నాను. గోడ దగ్గరపడేసరికి మాత్రం భయం పట్టుకుంది. నాన్న ఎదుట తీసేస్తే? ఆ కుర్రాడేం చేస్తాడో చూద్దామని వేగం తగ్గించాను. వాడు నన్ను దాటిపోయి రెండు అరచేతులూ గోడకు ఆనించాడు. వెనకే నేనూ అలాగే ఆనించాను.

"ఏరా, అబద్ధమనుకున్నావా?" అన్నాడు రొప్పుతూ.

"అనుకున్నా."

"నిన్ను ఓడించాలంటే నేను నోరు మూసుకుంటే సరిపోయేది కదరా!" అని పకపకా నవ్వాడు.

ఇంత వయసొచ్చినా, ఎవరైనా అడక్కుండా మంచిమాట చెబితే, అందులో వాళ్లకేం లాభమా అని నా మనసు ముందుగా వెతుకుతుంది.