మామయ్య గారి బీపీ ఫైలు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, అమెరికా రూల్సన్నీ నాకే తెలుసని నా గట్టి నమ్మకం. (అలా నమ్మింది ఇంట్లో నేనొక్కదాన్నే.) ప్లేనో ఊళ్లో మా ఇంట్లో ఆరు నెలలుండి వెళ్దామని మా మామయ్య గారు వచ్చారు. ఆయన ప్రభుత్వాసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యారు. వచ్చినవాడికి చీటీ చూసి మందివ్వడమే తప్ప, నీది ఏ ఊరని ఎవరినీ అడిగి ఎరగరు. ఇక్కడి కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆసుపత్రిలో రాయితీ ఆ కౌంటీలో కాపురముండేవాళ్లకే. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు మొత్తం కట్టుకోవాలి. ఆయనకు తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్సేమో పాత జబ్బులకు పైసా ఇవ్వదు. ఈ రెండు సంగతులూ కంఠతా పట్టి కూర్చున్నాను.

ఒక శనివారం పొద్దున్న ఉప్మా తింటూ ఆయన ఛాతీ పట్టుకున్నారు. మావారు ఆఫీసు పని మీద వేరే ఊళ్లో ఉన్నారు. నేనే కారు తీశాను. అంత నొప్పిలోనూ ఆయన తన గుడ్డసంచీ మరచిపోలేదు. అందులో ఇరవై ఏళ్ల బీపీ చీటీలు, ఈసీజీలు, తారీఖులవారీగా కుట్టిన ఫైలు ఉంది.

ఆసుపత్రి పార్కింగ్‌లో నా పాఠం మొదలైంది. "మామయ్య గారూ, పాత జబ్బులున్నాయా అంటే లేవనండి. ఇక్కడికొచ్చాకే మొదలైందనండి, ప్లీజ్."

"ఇరవై ఏళ్ల బీపీనమ్మా. లేదని ఎట్లా అంటాం?"

"ఇన్సూరెన్స్ వాళ్లు రిజెక్ట్ చేస్తారండీ. ఆ సంచీ ఇటివ్వండి." తీసుకుని సీటు కిందకు తోశాను. ఆ కంగారులో అదే గొప్ప తెలివనిపించింది.

లోపల డాక్టరమ్మ అప్పుడే తీసిన ఈసీజీ చూసి నొసలు ముడిచింది. పాత ఈసీజీ ఏదైనా ఉందా అని అడిగింది. ఈ మార్పు కొత్తదైతే ఇప్పటికిప్పుడు గుండెలోకి గొట్టం పంపి చూడాలట. మామయ్య గారికి ఇంగ్లీషు బాగానే అర్థమవుతుంది. ఆయన నావైపు చూశారు. ముప్ఫై ఏళ్లు ఒక్క మాత్ర లెక్క తప్పనివ్వని మనిషి, నా కోసం, "నో మేడమ్" అన్నారు.

"ఉంది! కార్లో ఉంది! నేనే దాచాను!" అని తెలుగులోనే అరిచి (డాక్టరమ్మకు తెలుగు రాదని సగం దూరం వెళ్లాక గుర్తొచ్చింది) పార్కింగ్‌కి పరుగెత్తాను.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి ఆవిడ ఊపిరి పీల్చుకుంది. ఆ మార్పు పాతదే. రక్తపరీక్షలూ బాగానే వచ్చాయి. సాయంత్రానికి పంపించేశారు. వెళ్లేటప్పుడు కౌంటర్‌లో కూర్చున్న ఆవిడ, ఎక్కడ ఉంటారని అడిగింది. మామయ్య గారు సొంత ఊరి అడ్రసు పిన్‌కోడ్‌తో సహా చెప్పారు. (రాయితీ సంగతి అక్కడితో సరి.) నేను ఫైలును సంచీలో పెట్టాను.

కార్లో ఆయన మెల్లగా అడిగారు. "బిల్లు బాగా అవుతుందామ్మా?"

"అబ్బే, ఏమంత కాదండీ."

"అబద్ధమాడటం నీకూ చేతకాదమ్మా," అన్నారు.

అప్పటి నన్ను తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ పిల్లను కాస్త కోప్పడి, పక్కన కూర్చోబెట్టుకుని, మంచినీళ్లివ్వాలనిపిస్తుంది.