కాగితం చుట్టిన సుద్దముక్క

చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్‌కు రోజూ నడిచి వచ్చే రాఘవేందర్ సార్, వేళ్లకు దుమ్ము అంటకుండా సుద్దముక్కకు కాగితం చుట్టి పట్టుకుంటాడు. హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్ పాఠం వస్తే మాత్రం బోర్డు ముట్టడు. సెంటర్ అచ్చేసిన పుస్తకం చదివేస్తాడు. "మధ్యలోని పాలిమర్ పొర గుండా ఎలక్ట్రాన్లు పోతాయి. రాసుకోండి." అది తప్పని తను ఎన్నిసార్లు చెప్పినా సెంటర్ ఓనర్ మార్చలేదు.

మొన్న నర్మద అనే అమ్మాయి లేచింది. "సార్, ఎలక్ట్రాన్లు పొర లోపల్నించే పోతే బయటి తీగలకు కరెంటెట్ల వస్తది?"

సార్ కాగితం విప్పి పారేశాడు. ప్రోటాన్లు మాత్రమే పొర దాటుతున్న బొమ్మ గబగబా సగం గీశాడు.

వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు. "సార్, మన టెస్టుల ఏది పెడితే మార్కొస్తది?"

ఆయన బొమ్మను అరచేత్తో తుడిచేశాడు. "పుస్తకంల ఉన్నదే పెట్టుండ్రి."

ఆయన పీహెచ్‌డీ చేసింది ఆ పొర మీదే.