గ్రాఫిక్స్ కార్డు డబ్బా

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. నేను డిగ్రీలో ఉన్నాను. ఎల్‌బీ నగర్‌లో పోచంపల్లి చీరల కొట్టు నడిపే నాన్న, డిజైన్లు వేయడానికి నాకు కంప్యూటర్ కొనిస్తానని దిల్‌సుఖ్‌నగర్ తీసుకెళ్లారు. రంగులు బాగా కనబడాలని ఆయన పెద్ద మానిటర్ అడిగారు. అది కొంటే మా బడ్జెట్‌లో గ్రాఫిక్స్ కార్డు రాదు. కార్డు లేకపోతే నేను గేమ్స్ ఆడలేను.

"కార్డు లేకుంటే డిజైన్లు రావు నాయినా" అని బొంకి, చిన్న మానిటర్‌తో సరిపెట్టించాను.

తిరిగొస్తుంటే ఉద్యమకారులు రోడ్డు మీదే వంటావార్పు పెట్టారు. బస్సు ఆగిపోయింది. సామానుతో దిగిన మమ్మల్నీ పిలిచి విస్తళ్లు వేశారు. కూర్చోగానే చున్నీ కింద దాచుకున్న కార్డు డబ్బా జారి పడింది. దాని మీద తుపాకీ ఎక్కుపెట్టిన సైనికుడి బొమ్మ!

"ఏంది పిల్లా గిది?" అంది వడ్డిస్తున్న పెద్దమ్మ.

"చీరల డిజైన్లు ఏసేదమ్మా" అంటూ నాన్న గర్వంగా డబ్బా అందుకున్నారు. బొమ్మ చూసి ఆగిపోయారు. ఆయన డబ్బాను తిప్పి తిప్పి చూసి, నింపాదిగా అడిగారు.

"గీ తుపాకి అంచుకు ఏస్తవా బిడ్డా, కొంగుకు ఏస్తవా?"

బంతంతా గొల్లున నవ్వింది.

ఆయన తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. ఆ కంప్యూటర్ మీద గేమ్స్ ఆడాను, ఎన్నో చీరలకు డిజైన్లూ వేశాను. ఇప్పటికీ కొత్తది చూపించగానే నాన్న కళ్లద్దాలు సవరించుకుని, అంచూ కొంగూ వెతికి మరీ అడుగుతారు.

"తుపాకి ఏదే?"