ప్రొడ్యూసర్ అంటే ఎవరో తెలుసుకోవడానికి బొబ్బిలి దాకా

మా చిన్నమ్మాయి గౌరి విజయనగరంలో ఒక యూనివర్సిటీలో మ్యూజిక్ ప్రొడక్షన్ చదువుతోంది. ఇది ఆఖరి సంవత్సరం. నేను ఐదో తరగతితో బడి మానేసి, శ్రీకూర్మం అవతల సముద్రపు ఒడ్డున నలభై ఏళ్ళు పెద్దవల లాగించినవాణ్ణి. సీటు వచ్చిన రోజు తను 'ప్రొడ్యూసర్ చదువు' అనగానే, మా అమ్మాయి నిర్మాత కాబోతోందని ఊరంతా తిరిగి చెప్పేశాను. నిర్మాత అంటే సినిమాకి డబ్బు పెట్టేవాడని మాత్రమే నాకు తెలుసు. ఒడ్డున మావాళ్ళు అప్పట్నుంచీ నన్ను వదల్లేదు. నాతో వల లాగే సింహాచలమైతే కనబడినప్పుడల్లా ఒకటే అడిగేవాడు. "మావా, నీకున్నది ఒక తెప్ప. దాన్నమ్మేసి పాప సినిమా తీస్తాదేటి?"

గౌరి ఎన్నోసార్లు విడమర్చి చెప్పింది. వాయించేది తను కాదు, పాడేది తను కాదు, డబ్బు పెట్టేది కూడా కాదు. మరి ఏం చేస్తుంది? అది నాకు బుర్రకెక్కలేదు. మొన్న బొబ్బిలి వెళ్ళొచ్చాక ఎక్కింది. ఆ సంతోషం పట్టలేక రాస్తున్నాను. పిల్లల్ని ఇలాంటి చదువుకి పంపాలా వద్దా అని ఆలోచించే తల్లిదండ్రులకీ, బొబ్బిలి వీణలు చూడాలనుకునేవాళ్ళకీ పనికొస్తుంది.

ఆఖరి పరీక్షకి ఒక్కొక్కరూ ఒక రికార్డింగ్ చేసుకుని రావాలట. తాము వాయించకూడదు, పాడకూడదు. ఇంకొకరి చేత చేయించాలి. గౌరి బొబ్బిలి దగ్గర వీణలు చేసే ఒక పెద్దాయనతో మాట్లాడుకుంది. మైకులూ రికార్డింగ్ మిషనూ డిపార్ట్‌మెంటు వాళ్ళు ఒక్క రోజుకే ఇచ్చారు. మర్నాడు పొద్దున్న తొమ్మిదికల్లా అప్పజెప్పాలి. ఆ ఒక్క రోజులో పని కాకపోతే పరీక్ష పోతుంది, డిగ్రీ ఇంకో ఏడాది వెనక్కి పోతుంది. తోడు రావలసిన స్నేహితురాలికి జ్వరం తగిలింది. ముందురోజు సాయంత్రం గౌరి ఫోన్ చేసి, "నాన్నా, పెట్టెలు మోయడానికి ఒక మనిషి కావాల, వస్తావా" అంది. పెట్టెలేం ఖర్మ, అడిగితే తననే బొబ్బిలి దాకా మోసుకెళ్ళేవాణ్ణి.

తెల్లవారి ఐదింటికి ఇంట్లోంచి బయల్దేరాను. శ్రీకాకుళం దాకా షేర్ ఆటో, నలభై రూపాయలు తీసుకున్నాడు. ఆరింటికి కాంప్లెక్స్‌లో విజయనగరం బస్సు దొరికింది. అరవై దాటిన నా వయసువాళ్ళు ఆధార్ కార్డు దగ్గరుంచుకోండి, టికెట్‌లో తగ్గింపు ఉంది. ఎనిమిది దాటాక విజయనగరంలో దిగేసరికి గౌరి రెండు నల్ల పెట్టెలతో, ఒక పొడుగాటి సంచితో నిలబడి ఉంది. ఎదురుగా టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ తిన్నాం. పాప ఏం చదువుతోందని బండామె అడిగింది. నేను గొప్పగా ప్రొడ్యూసర్ చదువని చెప్పాను.

"అలాగైతే మా వోడికి ఒక వేషం ఇప్పించమ్మా. ఏ పనీ సేయడు, హీరోకి తమ్ముడిలాగ కూకుంటాడు" అంది ఆమె, చట్నీ వేస్తూ.

గౌరి నవ్వేసి డబ్బులిచ్చింది. తొమ్మిదింటి బొబ్బిలి బస్సులో తనకి సున్నా టికెట్ కొట్టారు, ఆడవాళ్ళకి ఇప్పుడు బస్సు ఉచితం కదా. గజపతినగరం, రామభద్రపురం మీదుగా రెండు గంటలు పట్టింది. దారిలో తన చదువు సంగతులు అడిగాను. మొదటి సంవత్సరమంతా వినడమే నేర్పారట. మాస్టారు ఒకే పాట రెండుసార్లు వేసి, రెండోసారి ఏం మారిందో చెప్పమనేవారట. మిషన్ల పని తర్వాత వచ్చిందట. అన్నిటికన్నా కష్టం, పాడేవాళ్ళు నొచ్చుకోకుండా మళ్ళీ పాడించడమట. దానికి కూడా మార్కులున్నాయట. అదేం చదువని లోపల అనుకున్నాను.

బొబ్బిలి నుంచి వీణలు చేసే ఊరికి ఆటోలో పావుగంట. పదకొండున్నరకి అప్పలస్వామి గారి ఇల్లు చేరాం. ఆయనది నా వయసే. నన్ను చూడగానే బావా అనేశాడు. పనసచెక్క పొట్టుతో వసారా అంతా పసుపురంగుగా ఉంది. రికార్డింగ్ అని ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒక కీర్తన సిద్ధం చేసుకుని కూర్చున్నాడు.

ఆ కీర్తన నాలుగుసార్లు వాయించాడు. నాలుగుసార్లూ నాకు అద్భుతంగానే ఉంది. గౌరి మాత్రం ప్రతిసారీ "బాగుంది తాతా, ఇంకొక్కసారి" అంటూనే ఉంది. తను మిషన్ వంక చూడటం లేదు, ఆయన భుజాల వంక చూస్తోంది. నేను కూడా చూశాను. మాస్టారి ముందు పాఠం అప్పజెప్పే పిల్లాడిలాగ బిగుసుకుపోయి ఉన్నాయి. ఒంటిగంటన్నరకి గౌరి ఇంక భోజనాలు చేద్దామంది. సగం రోజు అయిపోయింది, చేతిలో ఏమీ లేదు.

అన్నం తిన్నాక అప్పలస్వామి గారు ఇస్త్రీ చొక్కా విప్పేసి, పక్కనున్న కొత్త వీణ దగ్గరికి తీసుకున్నాడు. దానికి మెట్లు వేసే పని సగంలో ఉంది. మైనం వేడిచేసి, ఒక్కొక్క ఇత్తడి మెట్టూ అందులో కూర్చి, తీగ నొక్కి, అది సరిగా పలుకుతోందో లేదో చూసుకోవాలి. ఒక మెట్టు కూర్చగానే కిందనుంచి అక్కడిదాకా చిన్న వరస ఒకటి వాయించుకుంటున్నాడు. కూనిరాగం తీసినట్టు, తనకోసం తను. గౌరి చెయ్యి కడుక్కోకుండానే లేచి మైకు అటు తిప్పింది.

"తాతా, కీర్తన వద్దు. మీ పని మీరు సేసుకోండి."

"ఇది వాయింపు కాదు పాపా. మెట్టు పలుకుతాదో లేదో సూసుకోడం."

"నాకు అదే కావాల తాతా."

ఆయన మళ్ళీ పనిలో పడ్డాడు. ఇంకో మెట్టు, ఇంకాస్త పెద్ద వరస. ఆ వేళ్ళు ఎక్కడా తడుముకోలేదు. వింటుంటే నా ఒళ్ళు నాకు తెలియలేదు. మా ఒడ్డున వల పొట్ట చేపలతో నిండుగా తేలినప్పుడు గట్టిగా "అద్దీ" అని కేకేయడం నాకు నలభై ఏళ్ళ అలవాటు. అక్కడా కేకేశాను.

ఆయన చెయ్యి ఆగిపోయింది. వసారాలో కోళ్ళు కూడా చెదిరిపోయాయి. మంచి వరస మధ్యలో నా గొంతు పడింది. అప్పలస్వామి గారు నవ్వుతూనే అన్నాడు. "ఇంక ఆరు మెట్లే ఉన్నాయి బావా. అవి ఏసేస్తే మరి వాయించే పనుండదు."

గౌరి దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది. "నాన్నా, ఈది మొగని నిలబడు. ఆటోలు రాకూడదు, ఎవులూ మాటాడకూడదు. నేను సెయ్యి ఊపేదాకా అదంతా నీదే."

పెద్ద బాధ్యత ఇచ్చిందని ఛాతీ విరుచుకుని నడిచాను. సగం దూరం వెళ్ళాక అర్థమైంది, నన్ను అక్కణ్ణుంచి పంపేసిందని. అప్పుడే ఇంకోటి కూడా అర్థమైంది. పెద్దవలకి రెండు తాళ్ళుంటాయి. రెండు జట్లు లాగుతాయి. మధ్యలో నేను నిలబడేవాణ్ణి, తాడు ముట్టుకునేవాణ్ణి కాదు. ఎవరు ఎక్కడుంటే వల సమంగా వస్తుందో చూడటమే నా పని. సింహాచలానికి బలముంది గానీ నోరు ఆగదు. అందుకని వాణ్ణి ఎప్పుడూ తాడు చివర పెట్టేవాణ్ణి. నా కూతురు ఇప్పుడు నన్ను తాడు చివర పెట్టింది. కోపం రాలేదు. నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి.

కాసేపటికి ఒక ఆటో వచ్చింది. రెండు చేతులూ అడ్డం పెట్టి, నోటిమీద వేలేసుకున్నాను. డ్రైవరు ఇంజన్ ఆపేసి గొంతు తగ్గించాడు. "ఏటి మావా, ఎవులైనా పోయారేటి?" లేదని తల ఊపాను. అతను బీడీ తీసి, వెలిగించకుండా చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. అగ్గిపుల్ల చప్పుడవుతుందని అనుకున్నాడేమో. ఇరవై నిమిషాల తర్వాత గౌరి చెయ్యి ఊపింది. అసలు వాయింపు నేను ఒక్క ముక్క కూడా వినలేదు.

సాయంత్రం ఐదింటి బస్సులో తను ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవిలో పెట్టింది. మైనం మీద మెట్టు నొక్కిన చిన్న చప్పుడు, తర్వాత వరస, మళ్ళీ మెట్టు. ఆరో మెట్టు అయ్యాక వీణ కిందనుంచి పైదాకా ఒక్కసారి మొత్తం పలికింది. అది కొత్త వీణ మొదటి మాట. పరీక్షకి ఇవ్వాల్సిన నోటుబుక్కులో ఎవరు ఏం చేశారో రాసే పేజీ ఉంది. గౌరి అప్పుడే నింపింది. వీణ: అప్పలస్వామి. ప్రొడ్యూసర్: గౌరి. దాని కింద, నిశ్శబ్దం: మా నాన్న. కండక్టరుకి కూడా చూపించాను.

పరీక్ష నెగ్గింది. నోటుబుక్కులో నా పేరున్న ఆ మూడో లైను గురించి మాస్టార్లు ప్రత్యేకంగా అడిగారట, తను వివరంగా చెప్పిందట. సింహాచలం మళ్ళీ సినిమా మాటెత్తితే, "ఒరే, నిన్ను నలభై ఏళ్ళు తాడు సివర ఎవుడెట్టాడో ఆడే ప్రొడ్యూసరు" అన్నాను. వాడికి అర్థమయ్యేసరికి సాయంత్రమైంది. ఇన్నాళ్ళూ నా కూతురు నాకు తెలియని లోకంలోకి వెళ్ళిపోయిందని లోపల ఒక మూల బెంగ ఉండేది. తను నా పనే నేర్చుకుంది. నాకు ఎవరూ నేర్పలేదు, తనకి యూనివర్సిటీలో కూర్చోబెట్టి నేర్పారు, అంతే తేడా.

వీణలు చూడటానికి వెళ్ళేవాళ్ళకి ఒక మాట. మధ్యాహ్నం భోజనాల వేళకి చేరుకోండి. ఉలి చప్పుళ్ళు ఆగుతాయి, అదృష్టముంటే మెట్లు వేయడం కనబడుతుంది. మెచ్చుకోవాలనిపిస్తే మాత్రం, ఆయన వీణ కింద పెట్టేదాకా ఆగండి.