వీపు తిప్పిన మంత్రగత్తె

ఇవాళ పొద్దున ఒక మంత్రగత్తె చేత "నువ్వంటే నాకిష్టం" అనిపించాను. అది నేను చేసిన తప్పు.

చెన్నై కోడంబాక్కంలో డబ్బింగ్ సిరీస్‌లకు తెలుగు మాటలు రాయడం నా పని. ఇప్పుడు చేతిలో ఉన్నది గీసిన బొమ్మల కథ. ఒక కుర్ర మంత్రగత్తె, ఆమెను పట్టుకు రమ్మంటే వచ్చిన డ్రాగన్ల రాజకుమారుడు. ఏడు ఎపిసోడ్లుగా పోట్లాడుకుంటూనే ఉన్నారు. ఎనిమిదోదాంట్లో ఆమె చేతి గాయానికి అతను గుడ్డ కడతాడు.

"అంత బిగించకు. పారిపోనులే."

"పారిపో. వెతకడం నాకు అలవాటైపోయింది."

ఆమె లేచి గుమ్మం దాకా నడిచి, వీపు మనవైపు పెట్టి ఆగుతుంది. అసలు భాషలో అక్కడ ఒక ఊపిరి మాత్రమే ఉంది.

ముఖం కనిపిస్తున్నంతసేపు మేం బొమ్మ పెదవులకు బానిసలం. మూతి మూసినచోట ప, బ, మ పడాల్సిందే. వీపు తిప్పిందా, రాజ్యం మాది. ఏం రాసినా అతుకుతుంది. ఇరవై ఏళ్లలో నేను ఒక్క వీపునూ ఖాళీగా వదల్లేదు. ఈ వీపు మీదా ఆ ఇష్టం మాట రాసేశాను.

మంత్రగత్తెకు గొంతు ఇస్తున్నావిడ తొండియార్‌పేట నుంచి వస్తుంది. పన్నెండేళ్లుగా ఉడతలకు, చంటిపిల్లలకు, గుంపులో ఏడ్చేవాళ్లకు గొంతిచ్చి, మొదటిసారి నాయిక అయింది. కాగితం చూసి ఆగింది.

"ఈడ ఆ పిల్ల ఏం చెప్పదు సార్. చెప్పేస్తే రేపు చూసేదానికి ఏముంటాది?"

"బొమ్మకి అంత మనసెందుకమ్మా? ఉన్నది చదువు," అన్నాను, సౌండ్ ఇంజనీరు ముందే.

ఆమె చదివింది. ఒక్క టేకులో, తప్పు లేకుండా. బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది.

వేసి చూసుకున్నాం. ఏ సీనుకూ తల ఎత్తని ఇంజనీరు తల ఎత్తాడు.

"కథ అయిపోయినట్టుంది కదా సార్. ఇంకా నాలుగు ఎపిసోడ్లు ఏం చేస్తారు?"

అప్పుడు అర్థమైంది. మనుషుల సినిమాలో చెమటైనా పడుతుంది, చెయ్యైనా వణుకుతుంది. గీతలకు ఆ భాగ్యం లేదు. ఆ వణుకు చూసేవాళ్లకే పుట్టాలి. ఇద్దరూ చెప్పకుండా తప్పించుకు తిరుగుతున్నంతసేపే అది పుడుతుంది. ఏడు ఎపిసోడ్లు ఆమె గొంతులో దాచుకొచ్చినదాన్ని, రచయితనన్న గీరతో నేను రెండు మాటల్లో ఖర్చు చేశాను. ప్రేమకథలు రాసే మనిషికి ఈ సంగతి సౌండ్ ఇంజనీరు చెప్పాల్సి వచ్చింది.

స్టేషనుకు పరిగెత్తాను. ఆమె బీచ్ స్టేషను వైపు వెళ్లే రైళ్ల ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది.

"ఇందాక నేనన్నది తప్పమ్మా. నువ్వు చెప్పిందే నిజం. మళ్లీ రికార్డు చేద్దాం, రా."

"ఈసారి పేపర్లో ఏం రాసినారు సార్?"

"ఏమీ లేదు."

"ఖాళీ పేపరు ఇచ్చేదానికా ఇంత ఆయాసపడతా వచ్చినారు?" అంది. రైలు వచ్చింది, ఎక్కలేదు.

స్టూడియోలో, ఇంజనీరు వింటుండగా, ఇందాక అన్న మాటకు మళ్లీ క్షమాపణ అడిగాను. ఆమె ముందే ఆ వాక్యం కొట్టేశాను. అలవాటు కొద్దీ దాని పక్కన "నిట్టూర్పు" అని రాయబోయి, కలానికి మూత పెట్టి, మైకు ఆమెకు వదిలేసి బయటికి వచ్చాను.